కార్ట్రిడ్జ్ రీలు కెమెరా కొనాలా, మామూలు 35 ఎం.ఎం. తీసుకోవాలా?

అటక మీద పెట్టెలోనో బీరువా అడుగునో ఒక పాత కెమెరా దొరుకుతుంది. జామెట్రీ బాక్సులా పొడుగ్గా ఉండేదో, అరచేతిలో చదునుగా కూర్చునేదో, లేకపోతే వెండి రంగులో మెరుస్తూ ముద్దొచ్చేదో. వెంటనే అందరూ అడిగేది ఒకటే, "దీనికి రీలు దొరుకుతుందా?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. రీలు దొరికినా దీన్ని నమ్మి ఫోటోలు తియ్యొచ్చా అన్నది మొదటిది. ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటివి కొందామని చూసేవాళ్లు బాగా పెరిగారు, ధర తక్కువ కదా అని. ఆ తక్కువ ధరకి కారణం ఉంది.

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్లకి ముందే చెప్పేస్తున్నా. (కార్ట్రిడ్జ్ అంటే రీలు లోపలే మూసి ఉండే డబ్బా. 126, 110, డిస్క్, ఏపీఎస్ అనేవి అందులో రకాలు, ఒక్కోదాని సంగతి కింద చెప్తాను.) నిజంగా ఫోటోలు తియ్యాలని ఉంటే చేత్తో రీలు తిప్పే 35 ఎం.ఎం. కెమెరా తీసుకోండి. లేదు, ఆ డబ్బా టక్కున వేసి మూత మూసే సరదానే కావాలంటే 110, అదీ బ్యాటరీ లేకుండా క్లిక్కుమనేది. 126 ఇంట్లో ఉంటే ఉంచుకోండి, డబ్బు పెట్టి కొనకండి. ఏపీఎస్, డిస్క్ కెమెరాలు ఎవరైనా ఊరికే ఇచ్చినా షోకేసు కోసమే తీసుకోండి.

ఎందుకో చెప్పాలంటే అసలు ఈ కార్ట్రిడ్జ్ అనేది ఎందుకు పుట్టిందో చెప్పాలి.

35 ఎం.ఎం. రీలు అంటే మనందరికీ తెలిసిన ఆ చిన్న ఇనుప డబ్బీ. 1934లో కొడాక్ తన రెటీనా కెమెరాతో పాటు తెచ్చింది, ఇప్పటికీ అదే. దాంతో ఉన్న బాధ కూడా పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది. డబ్బీ లోంచి నాలుక బయటికి లాగి, అటువైపున్న చక్రంలో దూర్చి, పళ్లు రంధ్రాల్లో పడ్డాయో లేదో చూసుకుని మూత వెయ్యాలి. అది సరిగ్గా పట్టుకోకపోతే మీరు తిప్పుతూనే ఉంటారు, లెక్క చూపించే ముల్లు కదులుతూనే ఉంటుంది, లోపల రీలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మా చిన్నాన్న ఒక పెళ్లిలో తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా 36 ఫోటోలు తీశాడు, కడిగిస్తే ఒక్కటీ లేదు, రీలు మొత్తం తెల్లగా వచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా ఏ శుభకార్యంలో ఆయన ఫోన్ బయటికి తీసినా "ఈసారైనా రీలు ఎక్కించావా?" అని ఎవరో ఒకరు అంటారు.

ఈ బాధ తప్పించడానికే 1963లో కొడాక్ ఇన్‌స్టామాటిక్ కెమెరాలు, వాటితో 126 కార్ట్రిడ్జ్ తెచ్చింది. హ్యూబర్ట్ నెర్విన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో తయారైన డిజైన్ అది. ప్లాస్టిక్ డబ్బా, ఒకవైపు కొత్త రీలు, ఇంకోవైపు తీసేసిన రీలు చుట్టుకునే గది, మధ్యలో బొమ్మ పడే కిటికీ. తలకిందులుగా వేద్దామన్నా పట్టదు. అయిపోయాక వెనక్కి తిప్పే పని లేదు. 1970 నాటికి 5 కోట్లకు పైగా ఇన్‌స్టామాటిక్‌లు తయారయ్యాయంటే జనానికి ఇది ఎంత అవసరమైందో ఊహించుకోండి.

కానీ ఇక్కడే కిటుకు ఉంది. కార్ట్రిడ్జ్ అంటే ఉత్త రీలు కాదు, సగం కెమెరా. మామూలు కెమెరాలో రీలుని వెనక నుంచి నొక్కి చదునుగా పట్టుకునే ఇనుప పలక కెమెరా మూతకే ఉంటుంది. 126లో ఆ పని కార్ట్రిడ్జ్ ప్లాస్టిక్కే చెయ్యాలి. వెలుతురు లోపలికి రాకుండా ఆపేది కూడా చాలావరకు ఆ డబ్బానే. ఎన్నో ఫోటో అన్నది చెప్పేది దాని వెనక కాగితం మీద అంకె. రీలు ఎంత వేగానిదో, అంటే దానికి ఎంత వెలుతురు చాలో, కెమెరాకి చెప్పేది డబ్బా మీది గాటు. అంటే రీలు కొన్న ప్రతిసారీ సగం కెమెరా కొత్తది కొంటున్నట్టే. కంపెనీ నడిచినన్నాళ్లు ఇది వరమే, మీ కెమెరా ఎంత పాతదైనా సగం భాగం ఎప్పుడూ తాజాగా ఉంటుంది. ఫ్యాక్టరీ మూసేశాక మాత్రం మీ చేతిలో ఉన్నది సగమే, ఆ మిగతా సగం ఏ మెకానిక్కూ చేసి ఇవ్వలేడు. ఈ కార్ట్రిడ్జ్ కెమెరాల నమ్మకం గురించి ఎవరు ఏం చెప్పినా ఆఖరికి ఈ మాట దగ్గరికే వస్తుంది.

126 ఉంటే

బొమ్మ 28 ఎం.ఎం. చతురస్రం, అంత చిన్నదేం కాదు, రీలు వెడల్పు కూడా 35 ఎం.ఎం.లే. కాగితం మీద చూస్తే బాగా రావాలి. రాకపోవడానికి కారణాలు రెండు. ఒకటి, ఎక్కువ శాతం కెమెరాలు చవక ప్లాస్టిక్ లెన్సులవి. రెండోది పైన చెప్పిందే, రీలు చదునుగా ఉండకపోవడం. ఈ రెండోది ఎంత పెద్ద సంగతో ఎలా తెలుస్తుందంటే, రోలీ వాళ్లు ఎస్ఎల్26 అని, జైస్ ఐకాన్ వాళ్లు కాంటాఫ్లెక్స్ 126 అని, కొడాక్ జర్మనీ వాళ్లు ఇన్‌స్టామాటిక్ రిఫ్లెక్స్ అని మహా మంచి లెన్సులతో ఖరీదైన 126 కెమెరాలు చేశారు. ముందు అంత గొప్ప గాజు పెట్టి వెనక రీలుని పట్టుకునే బాధ్యత అచ్చుపోసిన ప్లాస్టిక్ గాడికి అప్పజెప్పారు. బంగారు ఉంగరానికి లక్క రాయి పొదిగినట్టు.

(సినిమా రీళ్లలో కూడా ఇదే తగువు నడిచింది. 1965లో కొడాక్ సూపర్ 8 తెస్తే, నొక్కే పలకని కార్ట్రిడ్జ్‌లోనే ప్లాస్టిక్‌తో పెట్టేసింది. అదే ఏడాది ఫుజీ సింగిల్ 8 తెచ్చి ఆ పలకని కెమెరాలోనే ఉంచింది. ఇంజినీరింగ్ పరంగా ఫుజీదే సరైన దారి అని నా అభిప్రాయం. బజారులో గెలిచింది మాత్రం కొడాక్.)

126 రీళ్లని కొడాక్ 1999లో ఆపేసింది, ఇటలీ ఫెర్రానియా ఇంకొన్నాళ్లు చేసి అదీ మానేసింది. ఇప్పుడు దొరికేవన్నీ గడువు ఎప్పుడో దాటిన డబ్బాలు. కొందరు 3డి ప్రింట్ చేసిన ఖాళీ కార్ట్రిడ్జ్‌లు అమ్ముతున్నారు, అందులో మామూలు 35 ఎం.ఎం. రీలు చీకట్లో ఎక్కించుకోవచ్చు. పనిచేస్తాయి, కాదనను. కాకపోతే 126 రీలుకి ఒక్కో ఫోటోకి ఒక్కటే రంధ్రం ఉంటుంది, కెమెరాలో ఉండే చిన్న కొక్కెం ఆ రంధ్రంలో పడగానే తిప్పడం ఆగుతుంది. మామూలు రీలుకి వరసగా అన్నీ రంధ్రాలే కాబట్టి ఆ కొక్కెం నాలుగైదు మిల్లీమీటర్లకే ఠక్కున పడి తిప్పడం ఆగిపోతుంది. అప్పుడు లెన్సుకి చెయ్యి అడ్డం పెట్టి ఉత్తుత్తి క్లిక్కులు కొట్టుకుంటూ రీలు ముందుకి జరపాలి. ఎన్ని కొట్టామో లెక్క తప్పితే ఫోటో మీద ఫోటో. బొమ్మ పైనా కిందా రంధ్రాల గుర్తులు పడతాయి, అవి కొందరికి అందంగా ఉంటాయి. నాకు మొదటి రీలు వరకు బాగుంది.

ఫ్లాష్ సంగతి కూడా చూసుకోండి. ఈ కెమెరాల పైన తగిలించే ఫ్లాష్ క్యూబులు, మ్యాజిక్యూబులు తయారీ ఆగి చాలా కాలమైంది. కాబట్టి ఇంట్లో, హాల్లో ఫోటోలు మర్చిపోండి. ఎండలో, గేటు బయట, డాబా మీద. అంతే.

110, అందరికీ ఆశ పుట్టించేది

1972లో ఇదే ఐడియాని ఇంకా కుదించి కొడాక్ పాకెట్ ఇన్‌స్టామాటిక్ తెచ్చింది. 16 ఎం.ఎం. వెడల్పు రీలు, బొమ్మ 13×17 ఎం.ఎం. అంటే చిటికెన వేలి గోరుకి కొంచెం పెద్దది. కార్ట్రిడ్జ్ కెమెరాల్లో ఈరోజుకీ ప్రాణంతో ఉన్నది ఇదే. ఫుజీ 2009లో మానేశాక ఇక అయిపోయిందనుకున్నారు, 2012లో లోమోగ్రఫీ అనే కంపెనీ మళ్లీ కొత్త 110 రీళ్లు మొదలుపెట్టింది, 2024లో లోమోమాటిక్ 110 అని కొత్త కెమెరా కూడా తెచ్చింది. కాబట్టి రీలు సమస్య కాదు. ముఖ్యంగా ఒకే కంపెనీ మీద ఆధారపడి ఉంది అన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి, వాళ్లు రేపు చాలించుకుంటే మళ్లీ కథ మొదటికొస్తుంది.

ఇందులో నమ్మకం దెబ్బతినే చోట్లు చాలా ఉన్నాయి, కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే కొనేవాళ్లలో ఎక్కువమంది దీన్నే కొంటారు.

మొదటిది మళ్లీ ఆ రంధ్రం, కొక్కెం వ్యవహారమే. చాలా 110 కెమెరాల్లో రీలు రంధ్రంలో చిన్న పిన్ను పడితేనే షట్టర్ నొక్కడానికి సిద్ధంగా బిగుసుకుంటుంది. ఖాళీ కెమెరాని తిప్పి నొక్కితే ఏమీ జరగదు. దీనివల్ల రెండు రకాల మోసాలు జరుగుతుంటాయి. ఒకటి, బాగున్న కెమెరాని "పనిచెయ్యట్లేదు" అని చవగ్గా అమ్మేస్తారు, అది మీ అదృష్టం. రెండోది, పాడైనదాన్ని "రీలు లేకపోతే నొక్కుడు పడదు సార్, అది అంతే" అని అంటగడతారు. అందుకే కొనేముందు మూత తెరిచి, ఆ పిన్ను ఎక్కడుందో చూసి, వేలి గోరుతో మెల్లగా జరుపుతూ తిప్పి చూడండి. చాలా మోడళ్లలో అప్పుడు షట్టర్ బిగుస్తుంది. లెన్సు వైపు చూస్తూ నొక్కితే రెక్క తెరుచుకోవడం కనపడాలి. ఇది చెయ్యనివ్వకపోతే అక్కడితో వదిలెయ్యండి.

రెండోది వెనక కిటికీ. అంకె కనపడటానికి కెమెరా మూతలో చిన్న కిటికీ ఉంటుంది, దాని వెనక వెలుతురుని ఆపేది రీలు వెనకున్న కాగితం ఒక్కటే. మన ఊళ్ల ఎండకి ఇది చాలదు అన్నది నా అనుభవం. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, తిప్పేటప్పుడు మాత్రం నీడలో ఎత్తి చూసుకుంటాను. మూత అంచుల్లో కూడా ఇదే టేపు. చూడటానికి దెబ్బతగిలిన కోడిపిల్లలా ఉంటుంది గానీ ఫోటోల మీద ఎర్ర చారలు పోయాయి.

మూడోది బ్యాటరీ. కొడాక్ పాకెట్ ఇన్‌స్టామాటిక్‌లలో మంచి మోడళ్లకి కె అనే 4.5 వోల్టుల బ్యాటరీ కావాలి, అది ఇప్పుడు రాదు. రోలీ ఏ110 చూడటానికి నగలా ఉంటుంది, దానికి పీఎక్స్27 బ్యాటరీ కావాలి, అదీ అసలుది దొరకదు, చిన్న సెల్లులు పేర్చి ఏదో తంటా పడాలి. పెంటాక్స్ ఆటో 110 అయితే, 1978లో వచ్చింది, లెన్సులు మార్చుకునే, లెన్సులోంచే చూసి తీసే అసలు సిసలు ఎస్ఎల్ఆర్ అగ్గిపెట్టెల సైజులో. ఎవరికైనా మనసు లాగుతుంది. దానికి బ్యాటరీ దొరుకుతుంది కూడా. కానీ ఎక్స్‌పోజర్, అంటే రీలు మీద ఎంత వెలుతురు పడాలన్నది, అంతా దాని ఇష్టం, మీ చేతిలో ఏమీ లేదు, లోపల సర్క్యూట్ పోయిందంటే బాగుచేసేవాళ్లని వెతకడంలోనే ఏడాది పోతుంది. నేను రెండుసార్లు కార్టులో పెట్టి తీసేశాను.

నాలుగోది ఫోటో సైజు, దీనికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. మామూలు 4×6 అంగుళాల ప్రింటు వెయ్యాలంటే 35 ఎం.ఎం. నెగటివ్‌ని దాదాపు 4 రెట్లు పెద్దది చెయ్యాలి. 110ని దాదాపు 9 రెట్లు. నెగటివ్ మీది దుమ్ము, గీత, చెయ్యి వణుకు అన్నీ కూడా 9 రెట్లే. పైగా ఈ కెమెరాలు తేలిక, నొక్కగానే ఊగుతాయి. మోచేతులు పొట్టకి ఆనించి ఊపిరి బిగబట్టి నొక్కండి, సగం మసక తగ్గుతుంది.

ఇక కడిగించడం. రంగుల 110 రీలు కడిగే మందు మామూలు సీ-41నే, కొత్తదేం కాదు. చిక్కల్లా సన్నటి రీలు చుట్టే సామాను, స్కాన్ చేసేటప్పుడు పట్టుకునే చట్రం. ల్యాబుకి ఫోన్ చేసినప్పుడు "110 కడుగుతారా?" అని ఒక ప్రశ్న, "110 స్కాన్ చేస్తారా?" అని ఇంకో ప్రశ్న, విడివిడిగా అడగండి. నేను మొదటిది ఒక్కటే అడిగి కొరియర్ చేశాను. కడిగిన నెగటివ్ చుట్ట చుట్టి, స్కాన్ మా దగ్గర అవ్వదు అని చీటీ రాసి తిరిగి పంపారు. తప్పు వాళ్లది కాదులెండి, నేను అడగలేదు.

ఇన్ని చెప్పి కూడా 110నే ఎందుకు సరే అంటున్నానంటే, బ్యాటరీ లేని చవక మోడళ్లలో పాడయ్యేది దాదాపు ఏమీ ఉండదు. ఒక స్ప్రింగు, ఒక రెక్క, ఒక లెన్సు. కొత్త కార్ట్రిడ్జ్ దొరుకుతోంది కాబట్టి ఆ సగం కెమెరా సంగతి కంపెనీ చూసుకుంటుంది. ఫోటోలు గొప్పగా రావు, వస్తాయి.

డిస్క్

దీని గురించి ఎక్కువ చెప్పను. 1982లో కొడాక్ తెచ్చింది, గుండ్రటి పళ్లెం చుట్టూ 15 చిన్న బొమ్మలు, ఒక్కోటి సుమారు 8×10 ఎం.ఎం. విచిత్రం ఏంటంటే రీలు చదునుగా ఉండాలన్న పాత సమస్యని నిజంగా తీర్చింది ఇదే, మందమైన బిళ్ల మీద కాబట్టి వంగే ప్రసక్తే లేదు. లెన్సులు కూడా బాగానే చేశారు. కానీ 4×6 ప్రింటుకి 14 రెట్లకి పైగా సాగదియ్యాలి, దానికి ల్యాబుల్లో ప్రత్యేకమైన లెన్సు పెట్టుకోవాలి, చాలా ల్యాబులు పెట్టుకోలేదు. ఫోటోలు రవ్వ ఉప్మాలా వచ్చాయి. రీళ్లు 1990ల చివరితో ఆగిపోయాయి. కొడాక్ మోడళ్లు కొన్నింటిలో లిథియం బ్యాటరీని లోపల టంకం వేసి మరీ పెట్టారు, మార్చుకునే వీలు లేకుండా. బ్యాటరీ పోయింది, రీలు లేదు, కడిగేవాళ్లు అరుదు. ఇంకేం నమ్ముతాం.

ఏపీఎస్, తెలివి ఎక్కువైనది

ఏపీఎస్ అంటే అడ్వాన్స్‌డ్ ఫోటో సిస్టం. కార్ట్రిడ్జ్‌లన్నింటిలో బుర్ర పెట్టి చేసింది ఇదే. 1996లో కొడాక్, ఫుజీ, కేనన్, నికాన్, మినోల్టా ఐదుగురూ కలిసి తెచ్చారు. 24 ఎం.ఎం. రీలు, 15, 25, 40 ఫోటోల డబ్బాలు. నాలుక బయటికి ఉండదు, కెమెరానే తలుపు తీసి రీలుని బయటికి నెట్టుకుంటుంది. డబ్బా అడుగున నాలుగు గుర్తులు ఉంటాయి: గుండ్రం ఉంటే కొత్తది, సగం గుండ్రం అయితే కొన్ని తీశారు, గుణకారం గుర్తు అయితే అన్నీ అయిపోయాయి, దీర్ఘచతురస్రం అయితే కడిగేశారు. కడిగాక నెగటివ్ మళ్లీ అదే డబ్బాలో ఉంటుంది. కొన్ని కెమెరాల్లో సగం తీసిన రీలు బయటికి తీసి మళ్లీ వేసుకోవచ్చు. మా చిన్నాన్న లాంటివాళ్ల కోసమే చేసినట్టుంది.

1990ల చివర్లో వైటూకే పనుల మీద మనవాళ్లు అమెరికా వెళ్లిన రోజులవి. చాలా ఇళ్లల్లో నయాగరా ముందు తీయించుకున్న ఆ వెడల్పాటి పొడుగు ఫోటోలు గుర్తున్నాయా, వాటిలో చాలావరకు ఏపీఎస్ పనోరమా ప్రింట్లే అయ్యుంటాయి. అన్నట్టు మీ దగ్గర ఆ నెగటివ్‌లు ఇంకా డబ్బాలో ఉంటే పారెయ్యకండి. పనోరమా అని నొక్కినా కెమెరా తీసేది మాత్రం 16.7×30.2 ఎం.ఎం. పూర్తి ఫోటోనే, పైనా కిందా కోసేది ప్రింటు వేసేటప్పుడు. మళ్లీ స్కాన్ చేయిస్తే ఆ కోసేసిన కాళ్లూ ఆకాశం కూడా వస్తాయి. పిన్నీసు పెట్టి రీలు బయటికి లాగే ప్రయత్నం చెయ్యకండి, ఏపీఎస్ స్కాన్ చేసే ల్యాబుకి డబ్బాతోనే పంపండి.

మరి ఇంత బాగుంటే వద్దని ఎందుకంటున్నానంటే, ఇందులో దాదాపు ప్రతి పనీ మోటారే చెయ్యాలి. తలుపు తెరవడం, రీలు నెట్టడం, తిప్పడం, వెనక్కి చుట్టడం, కార్ట్రిడ్జ్ గది తాళం తియ్యడం, అన్నీ. చాలా మోడళ్లలో చేత్తో చెయ్యడానికి ఒక్క మీట లేదు. కొన్నేళ్ల కిందట సరదాకి ఒక వెండి రంగు బుల్లి ఏపీఎస్ కెమెరా కొన్నాను, చాలా చవక. గడువు దాటిన రీలు వేస్తే ఆరు ఫోటోల దాకా బుద్ధిగా తీసింది. తర్వాత గుర్రుమని మూలిగి ఆగిపోయింది. కొత్త బ్యాటరీ వేస్తే మళ్లీ మూలిగింది. రీలు లోపల, తలుపు మూసే ఉంది, తెరవదు. చేత్తో తిప్పే 35 ఎం.ఎం. అయితే అడుగున ఉండే బొత్తాం నొక్కి రీలు వెనక్కి చుట్టేసుకునేవాడిని. ఇక్కడ రాత్రి బాత్రూములో లైటు తీసేసి, తలుపు కింద తువ్వాలు కుక్కి, చీకట్లో స్క్రూడ్రైవరుతో తలుపు విరగ్గొట్టి తీశాను. బయటినుంచి మా ఆవిడ "లోపల ఏం చేస్తున్నారండీ, ఆ చప్పుడేంటి?" అని. ఆరు ఫోటోల్లో నాలుగు వంకాయ రంగులో వచ్చాయి, రెండు అసలు రాలేదు.

ఆ వంకాయ రంగుకి కెమెరాని తిట్టలేం. కొడాక్ 2004లోనే ఏపీఎస్ కెమెరాల తయారీ మానేసింది, 2011లో కొడాక్, ఫుజీ రెండూ రీళ్లు ఆపేశాయి. అంటే మీకు దొరికే ప్రతి ఏపీఎస్ డబ్బా ముసలిదే. ఫ్రిజ్‌లో పెట్టి దాచామని అమ్మేవాళ్లు రాస్తారు. పెట్టారో లేదో మీకెలా తెలుస్తుంది. 126కి ఉన్నట్టు ఖాళీ డబ్బాలో వేరే రీలు ఎక్కించుకునే తేలిక దారి కూడా లేదు, రీలు వెడల్పు వేరు, రంధ్రాల లెక్క వేరు, పైగా డబ్బా వాడినదో కాదో ఆ గుర్తులు చూసి కెమెరానే మొరాయిస్తుంది. తెలివైన వ్యవస్థ కదా, మనం తెలివి చూపిస్తే ఒప్పుకోదు.

35 ఎం.ఎం. గురించి నిజం

ఇది దేవుడిచ్చిన వరం ఏమీ కాదు. రీలు పట్టుకోకపోవడం ఉంది, పొరపాటున వెనక మూత తెరిస్తే ఎక్స్‌పోజ్ అయిపోవడం ఉంది, చివర్లో గట్టిగా లాగితే చిరగడం ఉంది. పాత ఎస్ఎల్ఆర్‌లలో మూత చుట్టూ ఉండే నల్ల స్పాంజి మన ఉక్కపోతకి కరిగి బంకలా అయిపోతుంది, అక్కడినుంచి వెలుతురు వస్తుంది. తేడా ఏంటంటే ఇవన్నీ నేర్చుకుంటే పోయేవి, లేదా వందల్లో ఖర్చుతో బాగయ్యేవి. రీలు తిప్పుతున్నప్పుడు ఎడమవైపు వెనక్కి చుట్టే గుండీ కూడా తిరుగుతోందా చూడండి. తిరిగితే రీలు పట్టుకున్నట్టే. ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పుంటే మా చిన్నాన్న పరువు దక్కేది.

కొనడానికైతే పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం లాంటివి చూడండి, బ్యాటరీ వెలుతురు కొలవడానికే, అది లేకపోయినా షట్టర్ కొడుతుంది. మోటారుతో తనంతట తనే తిప్పుకునే ప్లాస్టిక్ కాంపాక్ట్‌ల జోలికి మాత్రం పెద్ద ధర పెట్టి వెళ్లకండి, వాటికీ ఏపీఎస్ జబ్బే, బోర్డు పోతే పోయినట్టే. ఒక్క నయం, మధ్యలో ఆగినా చీకట్లో మూత తీసి రీలు మామూలుగా తీసుకోవచ్చు. పాతది నమ్మలేమనుకుంటే కొత్తవీ వస్తున్నాయి: 2022లో వచ్చిన కొడాక్ ఎక్టార్ హెచ్35 ఉంది, చవక, ప్లాస్టిక్. 2024లో వచ్చిన పెంటాక్స్ 17 ఉంది, ఖరీదెక్కువ, చేత్తో తిప్పేదే. రెండూ ఒక ఫోటో జాగాలో రెండు తీసే రకం, రీలు ఖర్చు సగానికి వస్తుంది.

"అబ్బే, నాకు ఈ తిప్పడాలు వద్దు, డబ్బా వెయ్యాలి నొక్కాలి అంతే" అంటారా, అప్పుడు పాత కార్ట్రిడ్జ్‌లు వదిలేసి, నొక్కగానే ప్రింటు బయటికొచ్చే ఫుజీ ఇన్‌స్టాక్స్ తీసుకోండి. ఆలోచిస్తే అదీ కార్ట్రిడ్జే, పది ఫోటోల ప్యాకు, 1998 నుంచి ఇన్‌స్టాక్స్ మినీ నడుస్తూనే ఉంది, ఫుజీ ఇప్పటికీ ఆ మిగతా సగం కెమెరా తయారుచేస్తూనే ఉంది. నెగటివ్ ఉండదు, ఒక్కో ఫోటో ఖరీదు, మధ్యలో మూత తెరిస్తే పోతుంది. పుట్టినరోజులకి, పిల్లలకి ఇదే బెస్ట్.

ఆఖరుగా దొరికిన కెమెరాలో ఇంకా రీలు ఉంటే ఏం చెయ్యాలో. ఆత్రంగా మూత తియ్యకండి. ఒకవేళ ఇప్పటికే తీసేశారా, 126, 110 అయితే కంగారు పడకండి, కిటికీ దగ్గరున్న ఒకటి రెండు ఫోటోలే పోతాయి, మిగతావి రెండు వైపులా మూసి ఉన్న గదుల్లో భద్రంగా ఉంటాయి. డబ్బా మీద కొడాక్రోమ్ అని రాసి ఉంటే మాత్రం రంగుల ఆశ వదులుకోండి, దాని కె-14 ప్రాసెసింగ్ 2010 చివరితో ఆగిపోయింది. బ్లాక్ అండ్ వైట్‌గా కడిగే ల్యాబుకి ఇస్తే నీడల్లాంటి బొమ్మలైనా రావచ్చు.

మా అత్తగారింటి అటక మీద దొరికిన 126 ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. వెనక కిటికీలో 9 అని కనపడుతోంది, అది 12 ఫోటోల రీలు. ఎవరు తీశారో, ఏం తీశారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మిగతావి కూడా తీసేసి పంపుదామని మా అబ్బాయి అంటాడు, ఉన్నది ఉన్నట్టే పంపమని మా అత్తగారు. ఆరు నెలలైంది, 9 దగ్గరే ఉంది.